బంగారం కింద మెట్లు

వెనక్కొచ్చిన పెట్టెలు విప్పడం సోమవారం పని. ఆమె కత్తెర మొనతో ప్లాస్టిక్ కవరును ఒక చివర చీల్చి, తొక్క వలిచినట్టు వలిచేసి, రెండు బొటనవేళ్లతో మూత పైకి నెట్టింది. మూత గట్టిగా పట్టి ఉంది. అంటే ఇంతవరకూ ఎవరూ తియ్యలేదన్నమాట. లోపల పుస్తకం వెన్ను విరగలేదు. ఏడు పాచికలూ ఏడు గుంటల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. మ్యాపు మొదటి మడత మీదే ఉంది. పెట్టెతోపాటు ఒక చీటీ: "కుడివైపు కింది మూల నొక్కుకుపోయింది. ఇలాంటిది నా అల్మారాలో పెట్టుకోలేను. కొత్తది పంపగలరు."

మూల నిజంగానే నొక్కుకుపోయింది, గోరంత. ఆమె భూతద్దం పెట్టి చూసి మరీ ఒప్పుకుంది.

ఆఫీసులో ఆమె పేరు కూడా అదే, భూతద్దం. మొదట్లో వెనకాల అనేవాళ్లు. ఆమె ఏమీ అనకపోయేసరికి ఎదురుగానే అనడం మొదలుపెట్టారు.

మూడు గదుల ఆఫీసు అది. అక్కడ తయారయ్యేది కథల ఆట. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు పుస్తకం దగ్గర పెట్టుకుని కథ నడుపుతారు. మీరిప్పుడు ఒక గదిలో ఉన్నారు, ఎదురుగా రెండు తలుపులున్నాయి, ఏం చేస్తారు? మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఎడమ తలుపు తీస్తామనో, వచ్చిన దారినే పారిపోతామనో చెబుతారు. తలుపు తెరుచుకుందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆ గదులన్నీ రాసేది కథలాయన. ఆయన ఎక్కడో ఇంట్లో కూర్చుని రాసి పోస్టులో పంపిస్తాడు. రాతలో ఉన్న ప్రతి తలుపూ మ్యాపులో ఉందా, ఆరో గదిలో దొరికిన తాళంచెవికి ఏదో ఒక గదిలో తాళం ఉందా, చచ్చిపోయిన కాపలావాడు మూడు పేజీల తర్వాత మళ్లీ నిలబడి మాట్లాడుతున్నాడా, ఇవన్నీ చూసేది ఆమె. పదకొండేళ్లుగా అదే పని.

మధ్యాహ్నం తిండి డబ్బా తెచ్చుకుని, వెనక్కొచ్చిన మ్యాపును బల్ల మీద పరిచింది. వెనక్కొచ్చిన పుస్తకాలూ మ్యాపులూ చిత్తు కిందే లెక్క. అందుకని ఆఫీసులో అందరూ వాటినే బల్లగుడ్డల్లా పరుచుకుంటారు. ఒక కోట, ముప్పై ఒక్క గదులు. పైన పధ్నాలుగు, కింది అంతస్తులో పదిహేడు. తింటూ, అలవాటు కొద్దీ, ఎడంచేతి వేలితో కోటలోకి నడిచింది. ఒకటో గది. తలుపు. రెండు. మూడు. పదమూడు నుంచి పధ్నాలుగులోకి వెళ్లిన వేలు అక్కడ ఆగిపోయింది.

కింది అంతస్తుకు దిగే మెట్లు లేవు.

ముద్ద మింగి, ఇంకోసారి ఒకటి నుంచి నడిచింది. లేవు. పుస్తకం తెరిచి చూసింది. "మెట్లు దిగి వచ్చినవారికి ముందుగా నీళ్ల చప్పుడు వినిపిస్తుంది" అని పదిహేనో గది మొదలవుతోంది. మెట్లు ఎక్కడున్నాయో కథలాయన రాయడు. అది మ్యాపు చెప్పాల్సిన సంగతి.

మ్యాపు చెప్పాల్సిన చోట బంగారు రంగులో దిక్కుల చక్రం ఉంది. మొదట బొటనవేలి గోరంత ఉండేది. బొమ్మ ముందుగా చూపించినప్పుడు అభిమానులు చక్రం చిన్నగా ఉందన్నారు. బంగారు రంగు వెయ్యమన్నారు. వేశారు. ఇంకా పెద్దది కావాలన్నారు. చివరి రోజు ప్రెస్సు నుంచి వచ్చినప్పుడు అది అరచేయంత ఉంది. ఆ రోజు ఆమె స్కేలు పెట్టి, బంగారం వంకర పోకుండా అచ్చయిందా అని చూసి, మూలన టిక్కు పెట్టి పంపేసింది.

ఇప్పుడు చక్రం అంచును గోటితో గీకింది. రంగు పొట్టులా లేచింది. దాని కింద దగ్గర దగ్గరగా ఏడు చిన్న గీతలు. ఏడు మెట్లు.

డబ్బాకు మూత పెట్టేసింది. భయం వేస్తుందేమోనని కాసేపు చూసింది. వెయ్యలేదు. చేతి మీద పడుకుని నిద్రపోతే ఆ చెయ్యి ఎలా మొద్దుబారుతుందో లోపలంతా అలా ఉంది.

*

ఉత్తరాలకు జవాబు రాయడమూ ఆమె పనే కాబట్టి, మంగళవారం ఆ ఫైలు ముందేసుకుంది. పెట్టె బయటికొచ్చి మూడు నెలలైంది. నూట పన్నెండు ఉత్తరాలొచ్చాయి. మెట్ల గురించి ఒక్కటీ లేదు.

మూలల గురించి అరవై పైనే ఉన్నాయి. బంగారం మసగ్గా ఉందని కొందరు, మరీ మెరుస్తోందని కొందరు. పాచికల ఎరుపు బొమ్మలో చూపించిన ఎరుపు కాదని ఒకాయన రెండు పేజీలు రాసి, రెండు ఎరుపులనూ పక్కపక్కన అతికించి పంపాడు. మెచ్చుకుంటూ రాసినవాళ్లూ ఉన్నారు. "నేను మూడు కొన్నాను. ఒకటి చూసుకోవడానికి, ఒకటి దాచుకోవడానికి, ఒకటి ధర పెరిగాక అమ్ముకోవడానికి." ఆడుకోవడానికి నాలుగోది కొనాలి కాబోలు పాపం, అనుకుంది ఆమె.

ఇంటికెళ్లాక కూరగాయలు తరుగుతూ అత్తగారికి ఈ సంగతి చెప్పింది. అత్తగారు ఓపిగ్గా విన్నది.

"అయితే తప్పెవరూ పట్టుకోలేదన్నమాట. మంచిదేగా."

"మూడు నెలలైంది అత్తయ్యా. ఒక్కళ్లంటే ఒక్కళ్లు పెట్టె విప్పలేదు."

"విప్పితే పాతదైపోదూ? మన పింగాణీ కప్పుల సెట్టు చూడు, పదకొండేళ్లయినా ఎలా ఉందో."

"అది ఎలా ఉందో మనకేం తెలుసత్తయ్యా, అట్టపెట్టెలోనే ఉంటే?"

పక్కగదిలోంచి ఆమె భర్త నవ్వాడు. అతను బట్టలారేసిన సైకిలు పక్కన కూర్చుని పేపరు చదువుతున్నాడు. ఒళ్లు తగ్గడానికి కొన్న సైకిలు అది. ఎక్కింది రెండుసార్లు.

"మీరు నవ్వకండి" అంది ఆమె. "ఆ సైకిలు కూడా మా ఆఫీసుకే ఉత్తరం రాసేలా ఉంది."

అతను గట్టిగా నవ్వాడు. అత్తగారూ నవ్వింది. తను కూడా నవ్వాననే అనుకుంది ఆమె.

*

బుధవారం ఓనరు గదిలోకి వెళ్లి, మ్యాపు బల్ల మీద పరిచి, గీకిన చోటు చూపించింది. పోతే పోయింది ఉద్యోగం అనుకునే వెళ్లింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వంగి చూశాడు.

"అరె, నిజమే. మెట్లు!" అన్నాడు. "ఎవరైనా అడిగారా?"

"లేదండి."

"మరింకేం?"

"ఆడితే సగంలో ఆగిపోతారు సార్."

"ఆడితే కదా."

ఆమె రాత్రంతా సిద్ధం చేసుకున్న మాట చెప్పింది. మెట్లు ఎక్కడున్నాయో చిన్న కాగితం మీద అచ్చేసి, కొన్నవాళ్లందరికీ పంపిద్దామంది. ఓనరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పంపితే ఏమవుతుందో తెలుసా? ఆ కాగితం లోపల పెట్టుకోవాలంటే కవరు విప్పాలి. విప్పిన పెట్టెకి సగం విలువ కూడా ఉండదు. ‘మా చేత విప్పిస్తారా’ అని నా ఇంటికొచ్చి తంతారమ్మా. నా సంగతి సరే, నిన్ను కూడా తంతారు."

"మనం రాసింది చదవడానికే కదండీ సార్, కొనేది?"

"ఒకప్పుడు పల్చటి అట్టతో చవగ్గా వేశాం, గుర్తుందా? కథ ఎంత బాగుందన్నారు! ఎంతమంది కొన్నారు? నలుగురు కలిసి ఒకటి కొన్నారు. ఆడేవాళ్లకి ఒకటి చాలు. దాచుకునేవాళ్లకి మూడు కావాలి. నువ్వే చెప్పు, నేనెవరికి వెయ్యాలి?"

ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు. లేచి, బీరువా మీంచి తర్వాతి పెట్టె నమూనా దించాడు. ఇప్పటిదానికంటే రెట్టింపు ఉంది. లోపల నీలం మఖమలు. మఖమల్లో ఒత్తుకుని లావుపాటి పుస్తకం. ఆమె తెరిచింది. మొదటి పదహారు పేజీల్లో బొమ్మలు. తర్వాత అంతా తెలుపు.

"నమూనా కాబట్టి ఖాళీగా ఉందాండీ?"

"కాదు, అలాగే వేస్తాం. ‘ఇక్కణ్నుంచి మీ కథ మీరే రాసుకోండి’ అని పైన ఒక ముక్క అచ్చేద్దాం."

"ఖాళీ కాగితాలు కొంటారా సార్?"

"ఖాళీయో కాదో తెలియాలంటే విప్పాలిగా."

ఆమె సొరుగులో కథలాయన పంపిన కొత్త కథ ఉంది. రెండువందల పది పేజీలు, ఎనిమిది నెలల రాత. పోయిన వారమే వచ్చింది. దాని సంగతి అడిగింది. డబ్బు ఇచ్చేశాం కాబట్టి ఆయనకు ఏ నష్టమూ లేదనీ, ఇకముందు మాత్రం రాయించే పని లేదనీ ఓనరు చెప్పాడు. "నీకూ భయం లేదమ్మా. అంత నిదానంగా చూసే కళ్లు ఎవరికున్నాయి? మూలలు చూద్దువుగాని. జీతం కూడా పెంచుతాను."

ఆమె కదలకుండా నిలబడింది. ఏడవడం లేదు, వాదించడం లేదు, వెళ్లడం లేదు. ఓనరుకు ఇబ్బందిగా అనిపించినట్టుంది.

"సరే, ఒక మాట. నమూనా శనివారం ప్రెస్సుకి వెళ్తుంది. ఈలోపు ‘ఆ మెట్లెక్కడండీ’ అని ఒక్కరు అడగనీ. ఒక్కరంటే ఒక్కరు. నీ కాగితం వేయిస్తాను. ఖాళీ పేజీలు మానేసి కథలాయన కథే అచ్చేస్తాను. సరేనా?"

మూడు నెలల్లో అడగనివాళ్లు మూడు రోజుల్లో అడగరని ఇద్దరికీ తెలుసు. ఆమె తలూపి, మ్యాపు మడత పెట్టుకుని వచ్చేసింది.

*

గురువారం ఉదయం ఆమె ఒక తెల్లకాగితం మీద పధ్నాలుగో గది గీసింది. ఏడు మెట్లూ స్కేలు పెట్టి గీసింది. దారిలో నలభై జిరాక్సులు తీయించి, ఆ కట్ట పట్టుకుని ప్యాకింగు గదికి వెళ్లింది. ఇంకా కవరు వెయ్యని పెట్టెలు నలభై మిగిలాయి. వాటిలోనైనా మెట్లుంటాయి.

ప్యాకింగు బాబాయి ఒక పెట్టెకు ప్లాస్టిక్ చుట్టి, వేడిగాలి మిషనుతో చుట్టూ తడుముతున్నాడు. ప్లాస్టిక్ సన్నగా మూలుగుతూ పెట్టెకు అతుక్కుంటోంది. అరవై దగ్గర పడుతున్న మనిషి, మాట తక్కువ. ఆఫీసులో ఆమెను భూతద్దం అనని వాడు ఆయనొక్కడే.

"బాబాయ్, సీలు వేసేముందు పెట్టెకొక కాగితం పడెయ్యి."

"ఏంటమ్మా అది?"

"కింది అంతస్తుకి మెట్లు బాబాయ్. పధ్నాలుగో గదిలో ఉన్నాయి. బంగారం కింద పడిపోయి..."

"చెప్పేశావా తల్లీ!"

వేడిగాలి ఒకేచోట ఆగిపోయింది. ప్లాస్టిక్ కరిగి రూపాయి బిళ్లంత చిల్లు పడింది. బాబాయి మిషను ఆపేసి, వెనకున్న అట్టపెట్టె మీద కూలబడ్డాడు.

"పధ్నాలుగా!" అన్నాడు. "మేం పన్నెండో గది గోడ తవ్వుతున్నాం. ఆరు గురువారాలైంది. బోలుగా మోగిందని పాచిక పడితే, ఇహ అదే గోడ పట్టుకుని..."

"ఎవరు బాబాయ్?"

"నలుగురం. టైలరమ్మ కొట్లో, కొట్టు కట్టేశాక." అని ఆగి, చిత్తుకాగితాల గుట్ట వైపు చూశాడు. ఆ చూపుతో పుస్తకం ఎక్కడిదో ఆమెకు తెలిసిపోయింది. వెనక్కొచ్చినవాటిని చింపి చిత్తులో కలపడం ఆయన పని. ఒకదాన్ని చింపకుండా ఇంటికి తీసుకెళ్లాడు.

"నేను ఒక్క పేజీ చూడలేదమ్మా, ఒట్టు. ఆడేవాళ్లు చూడకూడదు. చూస్తే ఇంకేముంది ఆట? అట్ట మూసినట్టే తీసుకెళ్లి టైలరమ్మ చేతిలో పెట్టాను. ఆవిడే కథ నడుపుతుంది. పుస్తకంలో లేనిది ఒక్క గడప కూడా సొంతంగా పెట్టదు. అంత నిక్కచ్చి మనిషి. ‘రాసినాయన మెట్లు ఎక్కడో దాచి ఉంటాడు, వెతకండి’ అంటుంది. ఎంత గొప్పగా దాచాడో అని మేం రోజూ చెప్పుకుంటున్నాం."

"దాచలేదు బాబాయ్. నేను చూసుకోలేదు."

బాబాయి ఆ మాట విన్నట్టు లేదు. చిల్లు పడిన ప్లాస్టిక్‌ను మెల్లగా ఊడదీస్తున్నాడు. "ఇవాళ ఎలా ఆడాలి? తెలిసీ తెలియనట్టు మళ్లీ ఆ గోడే తవ్వాలి" అన్నాడు, తనలో తనే.

"ఒక్క ఉత్తరం రాయలేకపోయారా?"

"కొన్నవాళ్లు రాస్తారు గానీ మేం ఏ ముఖం పెట్టుకుని రాస్తామమ్మా? పుస్తకం ఎక్కడిదంటే?"

అప్పుడే ఆమె నోరు జారింది. ఓనరు ఒక్కరు అడిగితే చాలన్నాడనీ, శనివారం దాకే గడువనీ, లేకపోతే వచ్చే పెట్టెలో పుస్తకం ఉత్త తెల్లకాగితమేననీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. చెప్పాక ఆయన ముఖం చూసి, తొందరగా అంది: "నువ్వు మాత్రం అడగొద్దు బాబాయ్. పుస్తకం ఎత్తుకెళ్లావంటారు. ఈ వయసులో ఉద్యోగం పోతే ఎక్కడ తిరుగుతావు?"

బాబాయి కొత్త ప్లాస్టిక్ కొలిచి, కత్తిరించాడు. కాగితం ఒకటి తీసుకుని, బోర్లా పెట్టి, పెట్టెలో వేసి మూత పెట్టాడు.

*

శుక్రవారం పదింటికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ప్యాకింగు గదికి వెళ్లకుండా నేరుగా ఓనరు గదిలోకి వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది. ఆమె చేతిలో కలం అలాగే ఆగిపోయింది.

"మెట్లెక్కడండీ?" అన్నాడు బాబాయి.

"ఏ మెట్లు?"

"కోటలో. కింది అంతస్తుకి దిగేవి. మా నలుగురికీ ఆరు వారాలుగా దొరకడం లేదు."

ఓనరు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"పుస్తకం ఎక్కడిది బాబాయ్ నీకు?"

"చిత్తులోది సార్. చింపమన్నారు. చింపలేదు. తప్పే."

ఓనరు కుర్చీ కిర్రుమంది. ఆమె లేచి నిలబడింది. వెళ్లి ఏదో ఒకటి చెప్పాలి.

"పెట్టె కూడా పట్టుకెళ్లావా?" అన్నాడు ఓనరు.

"లేదండి. లోపలిదే."

"అయితే ఫర్వాలేదులే." ఆయన గొంతు తేలికపడింది. "నేనింకా పెట్టె అనుకుని కంగారుపడ్డాను. లోపలిది చిత్తేగా."

బాబాయి తిట్లకు సిద్ధపడి వచ్చిన మనిషి. తిట్లు రాకపోయేసరికి, ఎక్కడ నిలబడాలో తెలియనట్టు కాళ్లు మార్చాడు.

"ఒక్కరు అడిగితే చాలన్నారట. అడిగాను కదండీ."

"కొన్నవాళ్లు అడగాలి బాబాయ్. నువ్వు కొన్నావా?"

"లేదండి."

"పోనీ, ఇప్పుడు కొంటావా? నీకైతే సగానికే ఇప్పిస్తాను. మీ నలుగురికీ నాలుగు."

బాబాయి నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"నాలుగెందుకండీ? మా నలుగురికీ ఆ ఒక్కటే చాలు."

ఓనరు తలుపులోంచి ఆమె వైపు చూశాడు. గెలిచినవాడి చూపు కాదది. తను ఇంతకుముందే చూసొచ్చిన చోటికి ఆమె కూడా వచ్చేసరికి, కాస్త పక్కకు జరిగి చోటిచ్చినట్టు చూశాడు.

"నేను చెప్పింది ఇదేగా అమ్మా" అన్నాడు.

బాబాయి బయటికొచ్చి ఆమె బల్ల దగ్గర ఆగాడు. "ఉద్యోగం పోలేదమ్మా" అన్నాడు. పోయినవాడి గొంతులాగే ఉంది ఆ గొంతు.

మధ్యాహ్నం ఓనరు బయటికి వెళ్తూ, కథలాయన రాత సంగతి తేల్చేశాడు. వెనక్కి పంపొద్దు, పాపం బాధపడతాడు. చిత్తులో వేసెయ్యమన్నాడు. ఆమె "సరేనండి" అంది.

సొరుగు లాగి, రెండువందల పది పేజీలూ బయటికి తీసింది. ఎర్ర పెన్సిలు చెక్కింది. ఈసారి కథలో ఒక ఓడ, ఇరవై నాలుగు గదులు. కథలాయన పెన్సిలుతో గీసి పంపిన మ్యాపును పక్కన పరుచుకుని, ఒకటో గది నుంచి మొదలుపెట్టింది. తలుపు తలుపుకీ వేలు పెట్టి నడిచింది. మధ్యలో ఫోను మోగింది. ఎవరిదో ఎడమవైపు పై మూల. రాసుకుని, పెట్టేసి, మళ్లీ తొమ్మిదో గదిలోకి వెళ్లింది. శుక్రవారం పదమూడో గది దాకా వచ్చింది. శనివారం ఉదయం ప్రెస్సు మనిషి వచ్చి నీలం మఖమలు నమూనాను చంకన పెట్టుకుని పోయాడు. ఆమె తలెత్తి చూసి, పద్దెనిమిదో గదిలో ఉన్న వంటవాడు ఇరవై ఒకటో గదిలో కూడా ఎలా ఉన్నాడో మళ్లీ వెతుక్కుంది. ఇద్దరు వంటవాళ్లు కాదు. కథలాయన పొరపాటు పడ్డాడు. ఇరవై ఒకటిలోవాణ్ని కొట్టేసి, అక్కడ ఖాళీ మంచం పెట్టింది. ఇరవై మూడో గదికి రాతలో రెండు తలుపులున్నాయి, మ్యాపులో ఒకటే ఉంది. రెండోది గీసింది. చివరి పేజీ మూలన, అచ్చుకు పంపేటప్పుడు పెట్టే టిక్కే పెట్టింది.

పేజీల అంచులు సమంగా తట్టి, పురికొసతో కట్టి, ప్యాకింగు గదికి తీసుకెళ్లింది.

"చిత్తు, బాబాయ్" అంది.

ఆయన కట్ట వైపు చూశాడు. పై పేజీలో రాత కనబడగానే ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అలాగే చేతులు చాపి, తడుముకుంటూ అందుకుని, బోర్లా తిప్పి గుండెకు ఆనించుకున్నాడు.

"మొత్తం చూశావా?"

"చూశాను."

"టైలరమ్మకి ఇవాళే ఇచ్చేస్తాను. కోట మొన్నటితో అయిపోయినట్టే. పొరపాటని నేనే చెప్పేశాను వాళ్లకి. టైలరమ్మ పుస్తకం మూసేసింది, అంతే." కట్టను బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద శుభ్రమైన అట్టముక్క ఒకటి కప్పాడు. "వచ్చే గురువారం మొదలుపెడతాం. నువ్వూ రాకూడదూ తల్లీ? ఆరింటికి. ఐదో మనిషి ఉంటే బాగుంటుంది."

ఆమె రావచ్చు. ఆరింటికి ఆమెకు వేరే పనేమీ లేదు.

"నేను పనికిరాను బాబాయ్" అంది. "నాకు అన్ని తలుపులూ తెలుసు."

బాబాయి అట్టముక్క అంచు సరిచేశాడు. లోపల ఫోను మోగుతోంది. ఆమె వెళ్లి ఎత్తింది.

"చెప్పండి" అంది. "ఏ మూల?"